పులిసే రాళ్లు

వారానికోసారి యమున రాళ్లకు నీళ్లు పోస్తుంది. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ ల్యాబు ముందు నుంచి నడిచే ప్రతివాళ్లకూ ఈ సంగతి తెలుసు, ప్రతివాళ్ల దగ్గరా దీనిమీద ఒక పరాచికం ఉంది. రాళ్లు మొలకెత్తాయా మేడం అని క్యాంటీన్ వాళ్లు అడుగుతారు. శివుడికైతే సోమవారం అభిషేకం, మీ దేవుడికి గురువారమా అని స్టోర్స్ గుమాస్తా అడుగుతాడు. మొదట్లో ఆమె నవ్వేది. తర్వాత నవ్వినట్టు మొహం పెట్టేది. ఇప్పుడు అదీ లేదు, జగ్గు పట్టుకుని తన దారిన తను పోతుంది. నలభై దాటిన మనిషి ఒకే పరాచికానికి ఎన్నిసార్లని నవ్వుతుంది?

అవి దారినపోయే రాళ్లు కావు. ఓపెన్ కాస్టు గనిలో బొగ్గు అందాలంటే ముందు దానిమీద ఉన్న మట్టినీ రాయినీ తవ్వి పక్కన గుట్టలుగా పోయాలి. ఓబీ గుట్టలంటారు వాటిని. ఆ రాళ్లలో నల్ల షేలు అని ఒక రకం ఉంది. పగలగొట్టి ఎండకు పట్టుకుంటే లోపల పసుపు పచ్చని గింజలు మెరుస్తాయి. ఇనుమూ గంధకమూ కలిసిన గింజలవి. భూమి లోపల ఉన్నంతకాలం అది ఎవరి జోలికీ రాదు. బయటపడి గాలీ నీరూ తగిలాయా, పులియడం మొదలుపెడుతుంది. దోసెల పిండి తెల్లారేసరికి పులుస్తుంది, ఈ రాయికి ఏళ్లు పట్టొచ్చు. పులిసిందంటే మాత్రం దానిమీదుగా పారిన నీళ్లు ఇనప పైపును తింటాయి, చేపను చంపుతాయి, పొలంలోకి వెళ్తే ఆ మట్టి మళ్లీ విత్తనాన్ని పట్టుకోదు. కొన్ని రాళ్లలో ఆ పులుపుకు విరుగుడు కూడా ఉంటుంది. సున్నం. రెండిట్లో ఏది ఎక్కువో గుట్ట పోయకముందే కనిపెట్టి చెప్పడం యమున ఉద్యోగం. పొలం పోయిన తర్వాత చెప్పడానికైతే ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ అక్కర్లేదు.

కనిపెట్టడానికి రెండు పరీక్షలున్నాయి, ఒకటి తొందరది, ఒకటి నిదానంది. తొందర పరీక్షలో రాయిని పిండి చేసి గంధకం ఎంతుందో కొలుస్తారు, ఆ పిండిమీద ఆసిడ్ పోసి ఎంత ఆసిడ్‌ను అది విరిచేస్తుందో చూస్తారు. బుసబుసా నురగ వస్తే సున్నం ఉన్నట్టు. నాలుగు రోజుల్లో తేలిపోతుంది. నిదానం పరీక్షలో రాతిముక్కల్ని ప్లాస్టిక్ గొట్టాల్లో నింపి, మూడు రోజులు పొడిగాలి, మూడు రోజులు తడిగాలి ఊది, ఏడో రోజు శుద్ధమైన నీళ్లతో కడిగి, అడుగున దిగిన నీళ్లు ఎంత పులిశాయో మీటరు పెట్టి చూస్తారు. మళ్లీ మొదటికి వస్తారు. ఇలా నెలల తరబడి సాగుతుంది. గుట్టమీద ఏళ్లలో జరగబోయేదాన్ని బల్లమీద నెలల్లో జరిపించి చూడడమన్నమాట. ఇందులో గొప్ప తెలివేమీ లేదు, ఓపిక కావాలి. ఆ ఓపికే యమున దగ్గర అడుగంటింది. కరెంటు పోతే గాలిపంపు ఆగుతుంది, వస్తే ఫ్యూజు పోతుంది. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ పెడితే బల్లమీది గాజుసామానంతా గలగలమంటుంది. ఇన్నేళ్లలో ఆమె రిపోర్టు చదివి ఒక్కరైనా లారీ ఆపి, ఈ రాయి ఇక్కడ వద్దు, ఇంకోచోట పోయండి అన్నది ఆమె ఎరగదు. రాస్తుంది, ఫైల్లో పెడతారు. అంతే.

ఈసారి రాళ్లు మాత్రం ఆమెకు అయినవాళ్ల రాళ్లు.

రామగిరి దిక్కున, ఓపెన్ కాస్టు అంచున, ఆమె పుట్టిన ఊరు ఉంది. వానలు తగ్గాయో, గని లోతు పెరిగిందో, రెండూ కలిశాయో, అక్కడ బావులూ బోర్లూ ఒకటొకటిగా ఎండిపోయాయి. గని అడుగున మాత్రం నీళ్లు ఊరుతూనే ఉంటాయి. వాటిని తోడి పారబోసే బదులు మా కుంటలోకి వదలండని ఊరివాళ్లు ఏళ్లకేళ్లు తిరిగారు, చివరికి కంపెనీ సరేనంది. ఆ నీళ్లు మంచివే, యమునే చూసింది. కాలువ పోవలసిన దారిలోనే కొత్త ఓబీ గుట్ట వస్తోంది. మిగతా దిక్కులన్నీ గనే, ఇంకో దారి లేదు. అందుకని ఆ గుట్టలో పోయబోయే రాయి పులిసేదా కాదా అన్నది ముందు తేలాలి. పులిసేదైతే, గుట్ట ఇవతల మంచిగా ఉన్న నీళ్లు గుట్ట అవతలికి ఆసిడ్‌గా చేరతాయి.

వానాకాలంలో శాంపిల్స్ వచ్చాయి. తొందర పరీక్షలో అన్నీ పోటీపడి నురగలు కక్కాయి. సున్నం పుష్కలం. ఇది పులిసే రాయి కాదని యమున రిపోర్టు రాసింది. నిదానం పరీక్ష కూడా మొదలుపెట్టింది, పద్ధతి ప్రకారం.

రిపోర్టు కదలకముందే ఆమె నోరు కదిలింది. బతుకమ్మకు ఊరు పోయినప్పుడు, అన్న జగదీశ్వర్ నీళ్ల సంగతి ఏమైందని అడిగాడు. అడిగినవాడు అన్న, పండుగ పూట, వదిన వడ్డిస్తుండగా. రాళ్లు మంచివే అన్నా, నీళ్లొస్తయి అనేసింది. సాయంత్రానికి ఆ మాట ఊరంతా తిరిగింది. బతుకమ్మ ఆడేచోట ముసలవ్వలు ఆమెను దగ్గరకు తీసుకుని మెటికలు విరిచారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమె పనికి దక్కిన మొదటి మెప్పు అది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు ఊరికే అన్నారా? కార్తీకం దాటగానే జగదీశ్వర్ వడ్లు నానబెట్టి, యాసంగి పంటకు నారు పోశాడు. అతన్ని చూసి ఊళ్లో సగంమంది పోశారు. బోరులో వచ్చే సన్నటి ధార నారుమడి తడపడానికి సరిపోతుంది, పొలానికి చాలదు. పొలానికి చెల్లె చెప్పిన నీళ్లున్నాయి కదా.

ఇది జరిగిన కొన్నాళ్లకు, ఒక గురువారం, ఒక గొట్టం కింద దిగిన నీళ్లలో మీటరు ముల్లు కిందికి జారింది, అంటే నీళ్లు పులుస్తున్నాయి.

యమున మొదట మీటరును తిట్టింది. దాన్ని కడిగి, సరిచేసి, మళ్లీ పెట్టింది. అదే చెప్పింది. మరుసటి వారం ఇంకాస్త జారింది, పక్క గొట్టం కూడా తోడు వచ్చింది. ఆ పై వారం నీళ్ల రంగు పల్చటి డికాషన్‌లా ఉంది. అంత సున్నం ఉన్న రాయి ఇంత త్వరగా పులియకూడదు. మనుషులు మాట మారుస్తారంటే అలవాటైంది, ఇప్పుడు రాళ్లు కూడానా అనుకుంది. దాచిపెట్టిన శాంపిల్‌లోంచి ఒక రాయి తీసి సుత్తితో రెండు చేసింది. పగిలిన ముఖం మీద ఆసిడ్ చుక్క వేసింది. చుక్క చుక్కలాగే పడి ఉంది. రాయిని తిప్పి పైభాగం మీద వేసింది. బుసబుసమంది. భూతద్దం తెచ్చి చూసింది. పైనున్న సందుల్లో, నెర్రెల్లో తెల్లటి పొడి కూరుకుని ఉంది. సున్నం రాయి లోపల లేదు, రాయి మీద ఉంది.

ఆమె లేచి, ల్యాబు వెనక శాంపిల్ షెడ్డులోకి పోయింది. ఆ రాళ్లు వచ్చిన సంచులు, వానాకాలం నుంచి తను దాటుకుంటూ తిరుగుతున్నవి, అక్కడే ఉన్నాయి. మందపాటి తెల్ల సంచులు, మూతుల దగ్గర తెల్లటి దుమ్ము. స్టోన్ డస్టు సంచులు.

బొగ్గుబాయిల్లో పనిచేసే ఇళ్లలో స్టోన్ డస్టు అంటే చెప్పాల్సిన పని లేదు. బాయి లోపల బొగ్గుపొడి గాలిలో లేస్తుంది, దానికి నిప్పురవ్వ తగిలితే సొరంగమంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. అది అంటుకోకుండా గోడలకూ నేలకూ మెత్తటి సున్నపురాయి పిండి చల్లుతారు. అదే స్టోన్ డస్టు. యమున తండ్రి పోశం ఆ బాయిలోనే పని చేశాడు, డ్యూటీ దిగి వస్తే కనుబొమ్మలు తెల్లగా ఉండేవి. ఖాళీ సంచులు ఇంటికొచ్చేవి. వడ్లు పోయడానికి అవే, గడపలో కాళ్లు తుడుచుకోవడానికి అవే, వానొస్తే నెత్తిన కప్పుకోవడానికీ అవే. చిన్నప్పుడు బడికి పుస్తకాలు కూడా వాటిలోనే మోసుకుపోయింది. ఆ సంచి కనబడితే ఆమెకు సంచి కనబడదు, ఇల్లు కనబడుతుంది. కొత్తగా వచ్చిన ఏ పిల్ల కెమిస్టయినా ఈ తెల్లపొడి ఏంటని మొదటి రోజే అడిగేది. యమునకు అడగాలని తోచలేదు.

సంచులు తెచ్చినవాడు సదయ్య. పోశంతో కలిసి బాయిలో పనిచేసినవాడు. పైకప్పు రాయి జారిపడి తుంటి విరిగితే, బాయి పైన చేసే సర్ఫేస్ డ్యూటీ ఇచ్చి శాంపిల్స్ తెచ్చే పనిలో వేశారు. ఆఫీసర్ల ముందు యమునను మేడం అంటాడు, ఎవరూ లేకపోతే బిడ్డా అంటాడు. ఆ పొద్దు షెడ్డు నీడలో కూర్చుని పొగాకు నలుపుకుంటున్నాడు. బాయిలో బీడీ ముట్టించకూడదు కాబట్టి అందరికీ నమిలే అలవాటే, పైకి వచ్చినా పోలేదు.

"కాకా, ఈ సంచులెందుకు తెచ్చినవ్?" అని అడిగింది.

"స్టోర్ల ఇచ్చే కవర్లు సన్నగుంటయి బిడ్డా, రాళ్ల మొనలకు చినుగుతయి. బాయిల మనోల్లకు చెప్పి ఇవి తెప్పిచ్చిన. ఒక్క రాయి కింద వడలే."

దులిపావా అంటే బాగానే దులిపానన్నాడు. యమున అతని పక్కనే గట్టుమీద కూర్చుని, జరిగింది చెప్పింది. సంచిలో ఊగి ఊగి పొడి రాళ్ల సందుల్లోకి దిగిందని, ఆసిడ్ పోస్తే పొంగింది రాయి కాదు ఆ పొడి అని, గొట్టంలో కడగ్గా కడగ్గా పొడి ఖర్చయి అసలు రాయి ఇప్పుడు బయటపడిందని చెప్పింది. సదయ్య నలిపిన పొగాకు నోట్లో వేసుకోకుండా అరచేతిలోనే పట్టుకున్నాడు.

"మురికైతె కడుగుదుంటి బిడ్డా," అన్నాడు. "గా పొడి లేకుంటె నీ నాయిన లేడు, నేను లేను. దాన్ని మురికని ఎట్లనుకుంట?"

ఆమెకు కోపం రావాలి. రాలేదు. తిట్టాలంటే ముందు తనను తాను తిట్టుకోవాలి. తండ్రి కనుబొమ్మల మీద రోజూ చూసిన పొడిని రాళ్లమీద చూసి గుర్తుపట్టనిది తను. ఇద్దరూ ఒకే బాయి ఉప్పు తిన్నవాళ్లు, ఒకే తప్పు చేశారు. మరునాడు కొత్త ప్లాస్టిక్ బకెట్లు, మూతలున్నవి, కొని తెచ్చి ఇద్దరూ గనిలోకి దిగారు. సదయ్య కుంటుకుంటూనే ముందు నడిచాడు, ప్రతి రాయి కొట్టేముందు సుత్తిని బాటిల్ నీళ్లతో కడిగాడు.

కొత్త రాళ్లు నురగ కక్కలేదు. పిండిచేసి ఆసిడ్ పోస్తే, నీళ్లు పోసినట్టే తడిసి ఊరుకున్నాయి. గంధకం మాత్రం నిండుగా ఉంది. ఇంకో పరీక్ష కూడా చేసింది, రాతిపిండిని పెరాక్సైడ్‌లో వేసేది. ఏళ్లు పట్టే పులుపును అది పూటలో బయటికి లాగుతుంది. బీకర్లు కుతకుతలాడి, చల్లారాక చూస్తే అచ్చమైన ఆసిడ్. ఒకటి రెండు తప్ప అన్నీ పులిసే రాళ్లే.

ఆ కాగితాలు పట్టుకుని వినీత్ గదికి వెళ్లింది. వినీత్ పర్యావరణం పనులు చూసే కుర్ర ఆఫీసరు. వాళ్ల తాతలది కోస్తా, పుట్టి పెరిగింది ఇక్కడి క్వార్టర్లలోనే. చెడ్డవాడు కాదు. టేబుల్ మీద రెండు ఫోన్లు మోగుతుంటే రెండింటినీ బోర్లించి, ఆమె చెప్పింది చివరిదాకా విన్నాడు. పాత రిపోర్టు నమ్మి గుట్ట పోయడం మొదలైంది, కాలువ తవ్వేశారు, వచ్చేవారమే తూము తెరవాలి. పిలుపులు వెళ్లాయి, ఊరివాళ్లు డప్పులు మాట్లాడుకున్నారు.

వేరే మార్గం ఉందా అని అడిగాడు. ఉందని యమున చెప్పింది. ఈ నల్ల రాయినంతా గని అడుగుకే తిప్పిపంపి మీద బంకమట్టి కప్పాలి, కాలువ పక్కన గుట్టకు వేరే రాయి వాడాలి. అంతా చేసేసరికి వచ్చే వానాకాలం అవుతుంది. అంటే ఈ యాసంగికి నీళ్లు లేవు. వినీత్ కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నాడు. అసలు ఇప్పుడు ఆపితే మళ్లీ ఈ పనికి అనుమతి వస్తుందన్న నమ్మకం లేదన్నాడు. రాయి పులియడానికి రెండు మూడేళ్లు పడుతుంది కదా, ఈలోగా నీళ్లు వదులుదాం, కాలువలో సున్నం వేయిద్దాం, నీళ్లను ఎప్పటికప్పుడు పరీక్షిస్తూ ఉండాలి అని రిపోర్టులో ఒక ముక్క రాయండి అన్నాడు. ఒకసారి పారిన నీళ్లను మళ్లీ కట్టేయడం ఎవరివల్ల అవుతుంది సార్ అని ఆమె అడిగింది. ఊరు ఊరంతా తూముమీద కూర్చుంటుంది, అప్పుడు ఏ మీటరు చూపించి లేపుతాం?

"నిజమే మేడం," అన్నాడు. "మూడేళ్ల తర్వాత నేనెక్కడుంటానో మీరెక్కడుంటారో. అది తప్పని తెలిసే అంటున్నాను. ఇప్పటికి నా దగ్గరున్నది మీ పాత రిపోర్టు. సోమవారం మీరేది ఇస్తే అదే పైకి పంపుతాను. ఏమీ ఇవ్వకపోతే తూము తెరుస్తారు."

శాంపిల్స్ ఎవరు పాడుచేశారని అతను అడిగితే, ల్యాబులో చూసుకోలేదని మాత్రం చెప్పి లేచింది. ఊరికే ఉంటే చాలు. ఆమె చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడం. అంతకన్నా సులువైన పని ఈ ఉద్యోగంలో ఇంతవరకు దొరకలేదు. ఏమీ చేయకపోతే అన్న పొలం తడుస్తుంది, ముసలవ్వల ముందు మాట నిలబడుతుంది. ఇంట్లో మొగుడు శివకు చెబితే, నీ పుట్టింటి సంగతిలో నేను నోరు పెట్టనని సెకండ్ షిఫ్టుకు పోయాడు. ఏ సంగతిలో నోరు పెట్టాడు గనక.

ఆదివారం పొద్దున షేర్ ఆటో ఎక్కి, దిగి, ఇంకోటి ఎక్కి ఊరు చేరింది. ముందు అన్నకు చెప్పాలి. తర్వాత ఏం రాయాలో ఆమెకు తేలలేదు, అన్న మొహం చూస్తే తేలుతుందేమో అనుకుంది. నిజం చెప్పాలంటే, వద్దనమని అన్నే అంటాడేమో, లేదా వదలమని అన్నే అంటాడేమో, ఎలాగైనా ఈ బరువు కాసేపు ఇంకొకరి నెత్తిన పెట్టవచ్చని ఆశ.

కుంటలో మగవాళ్లు తుమ్మచెట్లు నరికి పూడిక తీస్తున్నారు. నీళ్ల బిడ్డ వచ్చింది అని ఎవరో అన్నారు. ఆమె తల వంచుకుని నడిచింది.

జగదీశ్వర్ ఇంటి పక్కనే నారుమడి దగ్గరున్నాడు. నారు జానెడు లేచి, చూస్తే కడుపు నిండేంత పచ్చగా ఉంది. చుట్టూ పొలాలన్నీ గోధుమరంగులో ఎండి ఉండగా నారుమళ్లు మాత్రమే పచ్చన. గొడ్లు పడకుండా చుట్టూ తుమ్మకంప కొట్టాడు. చెల్లెను చూడగానే మొహం విప్పారింది, ఏ మడిలో ముందు నాటు వేస్తాడో, కూలోళ్లను ఎక్కడినుంచి పిలిచాడో చెప్పుకుంటూ పోయాడు. వదిన అనసూర్య ఇంట్లోంచే కేకేసి, కోడిని కోస్తున్నాను, తినకుండా పోతే ఊరుకోనంది. యమున వింటూ వింటూ గట్టుమీద కూలబడింది. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, సంచుల దగ్గరనుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. మెల్లగా, ఏదీ దాచకుండా. సదయ్య పేరు ఒక్కటే చెప్పలేదు. తప్పు నాదే అన్నది.

జగదీశ్వర్ గొంతు కూర్చున్నాడు. చాలాసేపు నారు కొసల్ని అరచేత్తో నిమిరాడు.

"ఇప్పుడైతె నీళ్లు మంచిగనే ఉన్నయి గద?" అన్నాడు.

"ఇప్పుడు మంచిగనే ఉన్నయన్నా."

"ఖరాబయ్యేటాల్లకు?"

"రెండేండ్లు. ఇంకో యేడు ఎక్కువైతే అయితది. పక్కా చెప్పలేను."

"రెండేండ్లంటె నాలుగు పంటలు, చెల్లె."

ఆ మాట ఆమె లోపల ఎక్కడో దిగబడింది. నాలుగు పంటలంటే ఏమిటో ఆమెకు తెలియనిది కాదు. ఇదే మడిలో మోకాటిలోతు బురదలో నాటు వేసిన చేతులే ఇవి. వదులుదాంలే అన్నా అనే మాట నాలుక చివరికి వచ్చింది. అంటే చాలు, ఇద్దరూ లేచి కోడికూర తినవచ్చు. జగదీశ్వర్ తల ఎత్తి ఆమెనే చూస్తున్నాడు. అడుగుతున్నట్టు లేదు, బతిమాలుతున్నట్టూ లేదు. తెలిసినవాళ్లు చెబితే విందామని కూర్చున్న మనిషిలా ఉన్నాడు. బరువు ఇంకొకరి నెత్తిన పెడదామని వచ్చిన యమునకు, ఇక్కడ పెట్టడానికి నెత్తి లేదని అర్థమైంది.

"ఐదో పంటకు భూమి ఉండదన్నా," అంది. "రేపు పొద్దున కాయిదం ఇస్త. నీళ్లు ఇడువనియ్యను."

చెప్పాక ఆమెకు ఏడుపొచ్చింది. దుఃఖం కన్నా అలసటే ఎక్కువ అందులో. వచ్చే యేడు నీళ్లు తప్పక వస్తాయని చెప్పాలనిపించింది కాని, మళ్లీ నోరు జారడానికి భయం వేసింది.

"మొన్న నువ్వు చెప్పినవనే పోసిన," అన్నాడు జగదీశ్వర్. "ఇయ్యాల గూడ నువ్వే చెప్తున్నవ్."

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె వెతికింది. లేదు. ఉంటే కాస్త తేలికయ్యేది.

అతను లేచి, పంచె దులుపుకుని కొట్టం వైపు నడిచాడు. గడ్డి కరువై డొక్కలు అంటుకుపోయిన బర్రెలు రెండు అక్కడ కట్టేసి ఉన్నాయి. పలుపులు విప్పాడు. అనసూర్య కత్తిపీట వదిలి వాకిట్లోకి వచ్చింది. జరిగింది అడగకుండానే ఆమెకు అర్థమైనట్టుంది, రెండు పొద్దులన్నా ఆగరాదా అని మొగుణ్ని అడిగింది.

"ఎండినంక తోలితె గొడ్లకు గూడ అక్కరకు రాదు," అన్నాడు. "పచ్చగున్నప్పుడే తిననియ్యి."

అనసూర్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది. జగదీశ్వర్ బర్రెల్ని గట్టుమీదుగా నడిపించుకుంటూ మడి దాకా వచ్చాడు. రెండు చేతుల్లో రెండు పలుపులున్నాయి.

"ఆ కంప జర పక్కకు గుంజు చెల్లె," అన్నాడు.

యమున చెప్పులు విడిచి గట్టు దిగింది. ముళ్లు లేని మొదలు దగ్గర పట్టుకుని తుమ్మకంపను లాగింది, అది మట్టిలో కూరుకుని ఉండడంతో రెండోసారి గట్టిగా లాగాల్సి వచ్చింది. దారి తెరుచుకుంది. బర్రెలు అడుగు ముందుకు వేయలేదు. ఇన్నాళ్లూ ఇటు మూతి పెట్టినప్పుడల్లా కర్రదెబ్బలు తిన్నవి, ఇప్పుడు పచ్చటి నారు ఎదురుగా ఉన్నా నమ్మక, తల తిప్పి జగదీశ్వర్ మొహం చూశాయి. అతను రెండింటి మెడలమీద చరిచి లోపలికి తోలాడు.